వేరేవాళ్ళ కిడ్నీ పెడితే అది పరాయిదని మన ఒంటికి ఎలా తెలుస్తుంది?

మన కణాల పైన హెచ్ఎల్ఏ అనే ప్రోటీన్లు ఉంటాయండి (ఎర్ర రక్తకణాల మీద దాదాపు ఉండవు), అవి మనిషి మనిషికీ మారతాయి. 1954లో బోస్టన్‌లో చేసిన కిడ్నీ మార్పిడి సక్సెస్ అయ్యిందంటే ఇచ్చినాయన, తీసుకున్నాయన అచ్చం ఒకేలా పుట్టిన కవలలు కాబట్టే.

కిల్లర్ టీ కణం (ఒంటిని కాపాడే ఒక రకం తెల్ల రక్తకణం) ఈ హెచ్ఎల్ఏని తడిమి చూస్తుంది, తేడా అనిపిస్తే ఆ కణానికి గట్టిగా అతుక్కుని, తన లోపలున్న విషపు గుళికలన్నీ సరిగ్గా ఆ అతుక్కున్న వైపుకే జరుపుకుని వదులుతుంది, దాంట్లో పెర్ఫోరిన్ పొరకి చిల్లులు పెడుతుంది, గ్రాంజైమ్‌లు లోపలికి దూరి కణం తనంతట తానే చచ్చిపోయేలా చేస్తాయి, పక్క కణాలకి పెద్దగా దెబ్బ తగలదు, ఇది నిజంగా అద్భుతం! ఆ టీ కణం మాత్రం చావదు, ఇంకోదాని మీదకి పోతుంది. కిడ్నీ మార్పిడి తర్వాత ఇచ్చే టాక్రోలిమస్ లాంటి మాత్రలు ఆపేది ఈ టీ కణాలనే, అందుకే మానకూడదు.

టీ కణాలకి దొరక్కుండా కొన్ని వైరస్‌లు తాము దూరిన కణాల మీద, క్యాన్సర్ కణాలు తమ మీద హెచ్ఎల్ఏని దాచేస్తాయి, అప్పుడు అది కనపడకపోవడాన్నే పసిగట్టి ఎన్‌కే కణాలు (నేచురల్ కిల్లర్ అనే ఇంకో రకం తెల్ల రక్తకణాలు) ఆ కణాలని చంపేస్తాయి.