మా బాబును ఎవరూ ఆటలో చేర్చుకోవడం లేదు!

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. చదువులో చురుకే, కానీ ఔటైతే ఒప్పుకోడు, బ్యాటు విసిరేస్తాడు, ఎవరి చెయ్యి తగిలినా కావాలనే కొట్టారంటూ మీద పడతాడు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌ పిల్లలు వాణ్ణి ఆటలో చేర్చుకోవడమే మానేశారు, పక్క ఫ్లాట్‌లో పుట్టినరోజుకూ పిలవలేదు. పెద్దయితే వాడే మారతాడంటారు మావారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: వాడే మారతాడని ఊరుకోకండమ్మా. ఓడిపోవడం, సర్దుకుపోవడం పిల్లలు నేర్చుకునేది తోటివాళ్లతో ఆడుతూనే, అందరూ దూరం పెడితే ఆ అవకాశమే పోతుంది, దాంతో ఉక్రోషం పెరుగుతుంది, అది చూసి వాళ్లు ఇంకా దూరం జరుగుతారు.

'కావాలనే కొట్టారు' అన్నారు చూశారా, అసలు విషయం అక్కడే ఉంది. పొరపాటో కాదో తేలని సందర్భాల్లో దూకుడుగా ఉండే పిల్లలు దాన్ని కావాలని చేసినట్టే ఎక్కువగా తీసుకుంటారని అమెరికా మనస్తత్వవేత్త కెన్నెత్‌ డాడ్జ్‌ 1980లోనే చూపించారు. అంటే మీవాడు అబద్ధం చెప్పట్లేదు, వాడికి నిజంగానే అలా అనిపిస్తోంది. కాబట్టి అప్పటికప్పుడు తిడితే లాభం లేదు. రాత్రి పడుకునేముందు, కోపం పూర్తిగా చల్లారాక, 'వాడు పరిగెడుతూ చూసుకోలేదేమో కదా?' అని మెల్లగా అడగండి. రోజూ కాదు, అప్పుడప్పుడూ.

పదిమందిలోకి మళ్లీ తోయకండి. కాస్త నెమ్మదస్తుడైన ఒక్క పిల్లాణ్ణి ఇంటికి పిలవండి. గంట చాలు. గెలుపోటములు లేని ఆట పెట్టండి, బ్లాకులతో ఏదైనా కట్టడమో, బొమ్మలు వేయడమో. మీవాడు తన వంతు కోసం ఆగితే అప్పుడే మెచ్చుకోండి, గొడవ మొదలయ్యేలా ఉంటే ఏదైనా తినడానికి పెట్టి ఆట మార్చేయండి. ఒక్క మంచి స్నేహితుడున్నా పిల్లలకు చాలా ధైర్యం.

ఇంకోమాట, ఇది టీచరుకు కూడా తప్పక చెప్పండి: నలుగురిలో వాణ్ణి అల్లరివాడని అనొద్దు. పెద్దవాళ్లు ఏమంటే పిల్లలూ అదే పట్టుకుంటారు.

కుదురుగా కూర్చోలేకపోవడం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలకు పైగా ఉంటే ఏడీహెచ్‌డీ అనే ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం సమస్య కావొచ్చు, పిల్లల సైకియాట్రిస్టుకు చూపించండి. పిల్లల్లో దిగులు కూడా చాలాసార్లు చిరాకుగానే బయటపడుతుంది, నిద్ర తగ్గినా, బడికి వెళ్లనని ఏడ్చినా ఆలస్యం చేయొద్దు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌ టెలీ మానస్‌ 14416కు ఫోన్‌ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆ ఫోన్‌ చేసేటప్పుడు మీవారినీ పక్కన కూర్చోబెట్టుకోండి.