చేతిలో ఆరు వేలు, చూపు పదిహేడు వేల ఈ-రీడర్ మీద

ప్రశ్న: నకిరేకల్ సమీపంలోని ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. చేతిలో 6,000 రూపాయలున్నాయి. నెలకు 2,500 మిగులుతాయి. సహోద్యోగి ఒకరు తమ ఈ-రీడర్‌ను, అంటే ఈ-పుస్తకాలు చదువుకునే పరికరాన్ని, 2019 నాటి సాధారణ కిండిల్‌ను 4,000 రూపాయలకు ఇస్తామంటున్నారు. అదే కిండిల్‌లో పై రకమైన కొత్త పేపర్‌వైట్ 16,999. పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ భారం లేదని చెప్పే నెలవారీ వాయిదా, ఉంది. నేను చదివేవి ఎక్కువగా స్కాన్ చేసిన పాత తెలుగు నవలల పీడీఎఫ్‌లు. ఏది కొనమంటారు?

సమాధానం: మీరు చదివేవి స్కాన్ ప్రతులు కాకపోయి ఉంటే నాలుగు వేలదే తీసుకోమనేవాణ్ణి. దానిది 6 అంగుళాల తెర, అంగుళానికి 167 చుక్కలు (ఇవి ఎంత ఎక్కువైతే అక్షరం అంత స్పష్టం). పేపర్‌వైట్‌ది 7 అంగుళాలు, 300 చుక్కలు. మామూలు ఈ-పుస్తకంలో అక్షరాన్ని పెద్దది చేసుకోవచ్చు కాబట్టి ఈ తేడా పెద్దగా ఇబ్బంది పెట్టదు. స్కాన్ చేసిన పుట బొమ్మతో సమానం. అది చిన్న తెరకు కుదించుకుపోయినప్పుడు వత్తులు అలుక్కుపోయి, ‘ద’నూ ‘ధ’నూ ‘థ’నూ వేరు చేసే చిన్న గీత, చుక్క మసకబారతాయి. పైగా ఏళ్ల తరబడి వాడిన బ్యాటరీ ఎంతకాలం నిలుస్తుందో అమ్మేవారు కూడా చెప్పలేరు.

పేపర్‌వైట్‌కు ఐపీఎక్స్8 రక్షణ ఉంది. అంటే రెండు మీటర్ల లోతు మంచినీటిలో గంటసేపు మునిగినా తట్టుకుంటుంది. అయితే అందులోని ‘ఎక్స్’ దుమ్ముకు సంబంధించిన రేటింగ్ లేదని చెబుతుంది, మన నల్గొండ వైపు వానకన్నా దుమ్మే ఎక్కువ. ఇక ఒత్తిడి సంగతి: హైదరాబాదు బస్సులో నా సంచిలోని టిఫిన్ డబ్బా నొక్కుకుని నా మొదటి రీడర్ తెర లోపలి గాజు పగిలింది. పైన గీత కూడా పడలేదు, సగం తెర మాత్రం నల్లగా నిలిచిపోయింది. కాబట్టి గట్టి అట్ట కవరు ధరను కూడా లెక్కలో వేసుకోండి.

నో కాస్ట్ ఈఎంఐలో బ్యాంకు వేసే వడ్డీ మేరకు ధర తగ్గిస్తారు, కానీ ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. ఏడాదికి 15 శాతం వడ్డీ, 199 రూపాయల ప్రాసెసింగ్ ఫీజు అనుకుంటే, వడ్డీ 1,304 రూపాయలపై పన్ను 235, ఫీజు పన్నుతో కలిపి మరో 235. అంటే 470 రూపాయలు అదనం. కవరు ధరలో కొంత అందులోనే పోతుంది.

అందుచేత ఈఎంఐ వద్దు, పాతదీ వద్దు. నెలకు 2,500 చొప్పున అయిదు నెలలు దాచితే చేతిలో ఉన్నదానితో కలిపి 18,500 అవుతుంది. రీడరూ కవరూ రొక్కానికే వస్తాయి. ఈలోగా ఒక పని చేయండి. మీ పీడీఎఫ్‌లలో అక్షరాలు అన్నిటికన్నా చిన్నగా ఉన్న పుటను జిరాక్స్ దుకాణంలో 10.5 సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గించి ప్రింటు తీయించుకోండి. ఏడంగుళాల తెర వెడల్పు దాదాపు అంతే. దాన్ని రాత్రి దీపం కింద పది నిమిషాలు చదివి చూడండి. కళ్లు లాగితే పేపర్‌వైట్ కూడా మీకు చాలదు, తెరను అడ్డంగా తిప్పి సగం సగం పుట చదువుకోవాల్సి వస్తుంది. ఆ అలవాటు మీకు సరిపడకపోతే కొనే ఆలోచన అక్కడే ఆపేయండి.