పార్కింగ్‌లో రూ.4,000 ఓవర్‌స్టే ఛార్జి: కట్టాలా, వద్దా?

ప్రశ్న: లాయరు గారూ, నమస్తే. మాది కడియపులంక, నర్సరీ పని. ఒక శుక్రవారం సాయంత్రం మా నాన్నగారికి గుండెల్లో నొప్పి వస్తే రాజమండ్రి దానవాయిపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పక్కనే ఉన్న ప్రైవేటు పార్కింగ్ స్థలంలో 6 గంటలకు కారు పెట్టాను. రూ.40 తీసుకుని టోకెన్ ఇచ్చారు. నాన్నగారిని ఐసీయూలో ఉంచారు. రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు, కారు సంగతే మర్చిపోయాను. ఆదివారం ఉదయం 8 గంటలకు వెళ్తే, టోకెన్ 4 గంటల సేపటికేనట, రూ.4,000 ఓవర్‌స్టే ఛార్జి కడితేనే గేటు తీస్తామన్నారు. ఎంత బతిమాలినా వినలేదు. అకౌంట్లో ఉన్న రూ.1,500 ఫోన్‌పే చేశాను. మిగతా రూ.2,500 పది రోజుల్లో కడతానని కాగితం మీద సంతకం పెట్టించుకుని వదిలారు. అది చదవలేదు, కాపీ కానీ ఫోటో కానీ తీసుకోలేదు. ఇప్పుడు వాట్సాప్‌లో ‘చలానా నోటీసు’ పంపారు. గడువు దాటితే రూ.5,000 అవుతుందట, పోలీసు కేసు పెడతారట, ఆర్సీ బ్లాక్ చేయిస్తారట. టెన్షన్‌లో ‘ఒకటో తారీఖు దాకా టైమివ్వండి, కట్టేస్తా’ అని మెసేజ్ పెట్టాను. మా బావమరిదికి ఆసుపత్రిలో తెలిసినవాళ్ళున్నారు. శుక్రవారం రాత్రే డిశ్చార్జి అయినట్టు కాగితం రాయించుకుంటే కారు ఆ రాత్రే తీశామని చెప్పొచ్చంటున్నాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇలా దోచుకోవచ్చా? చట్టానికి కనికరం లేదా?

జవాబు: మీ నాన్నగారి ఆరోగ్యం ఈ కేసును తేల్చదు. ఐసీయూ కాగితాలు ఎన్ని చూపించినా, 4 గంటల సేపటికి తీసుకున్న చోటును మీరు 38 గంటలు వాడుకున్నారన్న మాట మారదు. కారు తీయడం అసాధ్యమేమీ కాలేదు, మర్చిపోయారు. కాబట్టి కనికరం సంగతి పక్కన పెట్టి, మిమ్మల్ని గెలిపించే విషయం చూద్దాం.

అది ఒక్కటే. శుక్రవారం సాయంత్రం మీ కారు గేటు దాటే క్షణంలో, ‘4 గంటలు దాటితే రూ.4,000’ అన్న మాట మీ కళ్ళకు కనిపించేలా అక్కడ ఉందా, లేదా? ఇంత పెద్ద ఉత్తరంలో ఆ ముక్క మాత్రం మీరు రాయలేదు. టోకెన్ ఇంకా మీ దగ్గర ఉందో లేదో కూడా రాయలేదు.

పార్కింగ్ వాళ్ళకు జరిమానా వేసే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. వాళ్ళకు ఉన్నదల్లా మీతో కుదిరిన ఒప్పందం. డబ్బు తీసుకుని లోపలికి పంపిన క్షణానికే ఒప్పందం పూర్తయింది. అప్పటికి మీకు తెలియని, తెలిసే అవకాశం కూడా ఇవ్వని షరతును తర్వాత టోకెన్ వెనక చూపిస్తే చెల్లదు. లండన్‌లో షూ లేన్ అనే కార్ పార్కు మీద 1970లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది ఇదే: మిషన్ టికెట్ ఇచ్చాక లోపల ఎక్కడో కనిపించే షరతు కారు యజమానిని కట్టిపడేయదు. అయితే అవతలి వకీలు 2015 నాటి బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు తీసుకురావచ్చు. అక్కడ ఒక రిటైల్ పార్కులో రెండు గంటలు ఉచితం. ఒకాయన దాదాపు మూడు గంటలు ఉండిపోయాడు, 85 పౌండ్ల ఛార్జి చెల్లుతుందన్నారు. అక్కడ బోర్డులు పెద్దవి, అంకె స్పష్టంగా ఉంది. ఈ రెండూ మన కోర్టులు తప్పనిసరిగా పాటించాల్సిన తీర్పులు కావు. కానీ రెండిటిలోనూ కోర్టు చూసిన ముఖ్యమైన వాటిలో ఒకటి, షరతు ముందుగా కనిపించిందా అని.

అందుకే ఈ రోజే రాజమండ్రి వెళ్ళండి, రేపటికి వాయిదా వేయకండి. సాయంత్రం 6 గంటలకే, అదే వెలుతురులో, డ్రైవర్ సీట్లో కూర్చుంటే ఏం కనిపిస్తుందో అది ఫోటో తీయండి. రోడ్డు మీద నుంచి గేటు దాకా ఆపకుండా ఒక వీడియో తీయండి. బోర్డు ఉంటే ఎంత ఎత్తులో ఉంది, ఓవర్‌స్టే అంకె ఏ సైజు అక్షరాల్లో ఉంది, చెట్టు కొమ్మో ఫ్లెక్సీయో అడ్డు వస్తోందా, అన్నీ రావాలి. బోర్డు కొత్తగా పెట్టినట్టు అనిపిస్తే ఎదురుగా ఉన్న మెడికల్ షాపు వాళ్ళను అడగండి, సాక్ష్యం చెబుతారేమో కనుక్కోండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటుకు జనం పెట్టిన పాత ఫోటోలు తేదీలతో సహా దొరకవచ్చు. టోకెన్ కోసం కారంతా వెతకండి. దొరికితే రెండు వైపులా ఫోటో తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, దాని మీద ఏమీ రాయకండి. థర్మల్ కాగితమైతే కొన్నాళ్ళకు అక్షరాలే వెలిసిపోతాయి.

వాళ్ళ గేటు దగ్గర సీసీ కెమెరా ఉండే ఉంటుంది. ఆ రికార్డు చాలా చోట్ల కొన్ని వారాలకే దానంతట అదే చెరిగిపోతుంది. శుక్రవారం సాయంత్రం, ఆదివారం ఉదయం ఫుటేజీ భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగాలి. అడిగాక కూడా తీసుకురాకపోతే ఆ లోటు వాళ్ళ నెత్తినే పడుతుంది. అడగకపోతే మీ నెత్తిన.

ఇక సంతకం. చదవకుండా, కాపీ తీసుకోకుండా, కనీసం ఫోటో కూడా తీయకుండా కాగితం మీద సంతకం పెట్టారు. చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌పే కూడా చేశారు, ఒక్క ఫోటో తీయడానికి మనసు రాలేదా? ఆపైన ‘కట్టేస్తా’ అని మెసేజ్. రేపు వాళ్ళ మొదటి సాక్ష్యం అదే. కంగారులో పెట్టానని మీరంటారు. బాకీ ఒప్పుకున్నాడని వాళ్ళంటారు. ఇకమీదట వాళ్ళకు ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టకండి. పెట్టినవి డిలీట్ కూడా చేయకండి. వాళ్ళ బెదిరింపులు మీకు పనికొచ్చే సాక్ష్యం, అవీ ఆ చాట్‌లోనే ఉన్నాయి.

అయినా ఆ సంతకంతో అంతా అయిపోలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం రాయించుకోవడం కోసం ఒకరి ఆస్తిని అక్రమంగా పట్టి ఉంచడం బలవంతమే. అలా పుట్టిన ఒప్పందాన్ని 19వ సెక్షన్ కింద మీరు రద్దు చేసుకోవచ్చు. మరి కారు ఆపడం అక్రమమేనా? బ్యాంకులకు, ఇంకా కొద్దిమందికే బాకీ కోసం సరుకు ఆపే హక్కు 171వ సెక్షన్ ఇచ్చింది. ఆ జాబితాలో పార్కింగ్ వాళ్ళు లేరు. ప్రత్యేకంగా ఒప్పందం ఉంటే తప్ప వాళ్ళు కారు ఆపకూడదు. ఆ ఒప్పందం ఉందా అంటే మళ్ళీ గేటు ముందు బోర్డు దగ్గరికే రావాలి. మీరు కట్టిన డబ్బు సంగతి 72వ సెక్షన్‌లో ఉంది. బలవంతం మీద తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఆ సెక్షన్ కింద చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది: అక్రమ ఛార్జి కడితేనే సరుకు ఇస్తామని రైల్వే కంపెనీ అంటే, కట్టి సరుకు విడిపించుకున్నవాడు అదనంగా తీసుకున్నంత మేర వెనక్కి రాబట్టుకోవచ్చు. సరుకు బదులు మీ కారు, అంతే తేడా. అయితే రద్దు చేసుకుంటున్నానన్న మాట ఆలస్యం లేకుండా చెప్పాలి. ఊరుకున్నా, ఇంకో వంద కట్టినా, ఒప్పుకున్నట్టే లెక్క వేస్తారు.

బోర్డు నిజంగానే పెద్దగా, స్పష్టంగా ఉందనుకోండి. అప్పుడు మీ కేసు బలహీనపడుతుంది, కానీ కూలిపోదు. 74వ సెక్షన్ కింద ఒప్పందంలో ఏ అంకె రాసుకున్నా, కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే. ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. 1963లో ఫతేచంద్ కేసులో, 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరంగా చెప్పింది. నష్టం లెక్క కట్టగలిగినదైతే దాన్ని రుజువు చేయాలి. మీ కేసులో లెక్క సులువు, ఎందుకంటే ధర వాళ్ళే పెట్టుకున్నారు. 4 గంటలకు రూ.40. 38 గంటలంటే పది విడతలు, రూ.400. మొదట రూ.40 ఇచ్చారు, ఇంకా ఇవ్వాల్సింది రూ.360. ఇచ్చింది రూ.1,500. అంటే మీకే రూ.1,140 రావాలి. ఆ రూ.360 మాత్రం ఎగ్గొట్టాలని చూడకండి, అది న్యాయంగా వాళ్ళది. ఆ మాట నోటీసులోనే ఒప్పుకుంటే మీ మిగతా వాదనకు బలం వస్తుంది.

బావమరిది సలహా విషయానికి వస్తాను. ఆ కాగితం జోలికి పోవద్దు. జరగని డిశ్చార్జికి కాగితం పుట్టించడం భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ఫోర్జరీ కేసుకు దారి తీయవచ్చు. అబద్ధమని తెలిసి న్యాయ విచారణలో సాక్ష్యంగా పెడితే 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. రాసిచ్చిన ఆసుపత్రి ఉద్యోగి కూడా ఇరుక్కుంటాడు. పైగా ఆదివారం ఉదయం 8 గంటలకు అదే గేటు దగ్గర మీ ఫోన్ నుంచి రూ.1,500 వెళ్ళినట్టు మీ బ్యాంకు రికార్డులోనే ఉంది. శుక్రవారం రాత్రే కారు తీశామని ఎవరు నమ్ముతారు? వెయ్యి రూపాయల తగాదాలో న్యాయం మీ వైపున్నప్పుడు, మిమ్మల్ని నేరస్థుడిగా మార్చే సలహా అది. ఆసుపత్రి అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ మాత్రం దాచండి. మీరు ఎప్పుడు ఎక్కడ ఉన్నారో చెప్పడానికి అవి పనికొస్తాయి.

బెదిరింపులకు భయపడకండి. చలానా వేసేది పోలీసులు, రవాణా శాఖ. ఆర్సీ మీద ఆంక్ష పెట్టాలన్నా ప్రభుత్వ యంత్రాంగమే పెట్టాలి. పార్కింగ్ బాకీ సివిల్ తగాదా, దానికి అరెస్టు ఉండదు. వాళ్ళకు నిజంగా రావాల్సి ఉంటే మూడేళ్ళలోపు సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి. నా అంచనాలో వెయ్యరు. వేస్తే ఆ రూ.4,000 ఎలా వచ్చిందో జడ్జి ముందు చెప్పాలి కదా.

ఫోన్‌పే రసీదు ఒకసారి తీసి చూడండి. డబ్బు సంస్థ పేరు మీద వెళ్ళిందా, గేటు దగ్గరి మనిషి సొంత ఖాతాకు వెళ్ళిందా? సొంత ఖాతాకైతే, ఆ ఛార్జి సంస్థ పెట్టిందేనా అన్న అనుమానమే మీ కేసుకు సగం బలం. బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా తీసుకోండి. కేసు తేలేదాకా ఆ ఫోన్ మార్చకండి. ఫోటోలు, చాట్ కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) కావాలి, అసలు ఫోన్ మీ దగ్గరుంటే ఆ పని తేలిక. ఆ స్థలానికి నగరపాలక సంస్థ అనుమతి ఉందా, ఏ షరతుల మీద ఇచ్చారు అని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఆ జవాబు కోసం ఆగకుండా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఒక పేజీ చాలు. అందులో ఇలా రాయండి: ఆదివారం రాయించుకున్న కాగితం కారు ఆపి బలవంతంగా రాయించుకున్నది, దాన్ని రద్దు చేస్తున్నాను. కంగారులో పెట్టిన మెసేజ్ బాకీ ఒప్పుకోలు కాదు. వాడుకున్న సమయానికి రూ.360 పోగా రూ.1,140 తిరిగి ఇవ్వండి. ఆ కాగితం కాపీ, బిల్లు ఇవ్వండి, ఫుటేజీ భద్రపరచండి. గడువు 15 రోజులు. నాన్నగారి అనారోగ్యం గురించి ఒక్క వాక్యం మించి రాయకండి.

వాళ్ళు కదలకపోతే ముందు రాజమండ్రి కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ అర్జీ (దావా వేయకముందే రాజీ కోసం పెట్టేది) పెట్టండి, కోర్టు ఫీజు లేదు. ఇంత చిన్న మొత్తానికి అదే మేలు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి అక్కడా ఫీజు లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్ళలోపు వేయాలి, ఆ లెక్క మీరు డబ్బు కట్టిన ఆదివారం నుంచి మొదలు. వాట్సాప్ నోటీసు తేదీ నుంచి లెక్కపెట్టి పొరపడకండి. ఫిర్యాదులో ‘అన్యాయమైన ఒప్పందం’ అని రాయకండి. ఆ ఫిర్యాదులు వినేది విజయవాడలోని రాష్ట్ర కమిషన్, జిల్లాలో వేస్తే పరిధి లేదని తిప్పి పంపే ప్రమాదం ఉంది. అనుచిత వ్యాపార పద్ధతి, సేవా లోపం అని రాసి, డబ్బు వాపసు, ఖర్చులు అడగండి. కారు ఆర్సీ నర్సరీ పేరు మీద ఉంటే ఆ సంగతి దాచకండి, ఆ రోజు సొంత పని మీద వాడినట్టు ఆసుపత్రి బిల్లులు జత చేయండి.

మిగతా రూ.2,500లో ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే గొడవ పడకుండా నోటీసు కాపీ చేతికిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. పెట్టనంటే వచ్చిన మనిషి పేరు, తేదీ, సమయం అప్పుడే రాసి పెట్టుకోండి.