ముందు గొళ్లెం చూడండి

పాఠకుల ప్రశ్నలకు, కర్నూలు వన్‌టౌన్‌లో బీగాలు, కెమెరాలు, అలారాలు అమ్మి బిగించే మా శీర్షిక నిర్వాహకుడి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది ‘ఏది కొనాలి’ అనే అడిగారు. నేను అమ్మేవాణ్ణే, కొనండి అంటే నాకే లాభం. కానీ ఏ దొంగకు భయపడి కొంటున్నారో చాలామంది రాయలేదు. గోడ దూకేవాడి కోసం కొన్న వస్తువు ఫోన్‌లో తియ్యగా మాట్లాడేవాడిని ఆపదు కదా. ఆ భయం ఏమిటో కాస్త వివరంగా రాసినవాళ్లకే ఇక్కడ జవాబులు.

నెల రోజులు బెంగళూరులో కొడుకు దగ్గర ఉండబోతున్నాం. ఇంటికి నాలుగు కెమెరాలు పెట్టించమంటున్నాడు. ఏ రకం మంచిది?
— రిటైర్డ్ టీచర్, కల్లూరు, కర్నూలు

సార్, కెమెరా సంగతి తర్వాత. ముందు మీ వీధి తలుపు గొళ్లెం చూడండి. స్క్రూల తలలు బయటికి కనిపిస్తున్నాయా? అయితే ఎంత పెద్ద బీగం వేసినా దండగే. దొంగ బీగం జోలికి పోడు. స్క్రూలు విప్పుతాడు, లేదంటే రాడ్డు దూర్చి గొళ్లెం మొత్తం పెకలిస్తాడు. తలుపుకు ఈవలి నుంచి ఆవలికి బోల్టులు వేయించి, నట్లు లోపలి వైపు బిగించమనండి. పెద్ద పనేం కాదు. వీలైతే తలుపులోనే ఇమిడిపోయే ఇంటర్‌లాక్ వేయించండి. బయట వేలాడే బీగం ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చాటుతుంది. గేటు బీగం కూడా లోపలి వైపుకు తిప్పి వేయండి.

ఇక కెమెరాలు రెండు చాలు, వీధి వైపు ఒకటి, పెరటి వైపు ఒకటి. చేతికి అందకూడదని అందరూ సన్‌షేడ్ కింద ఎత్తున బిగించమంటారు. అంత ఎత్తు నుంచి రికార్డయ్యేది టోపీ, నడినెత్తి. తలుపు దగ్గరిది ముఖం పడే ఎత్తులో, కాస్త పక్కగా ఉండాలి. కెమెరా రికార్డింగ్ దాచే డీవీఆర్ పెట్టెను టీవీ కింద పెట్టొద్దు, దొంగలు పోతూ పోతూ దాన్నీ ఎత్తుకుపోతారు. అటక మీద పాత సామాన్ల వెనక పెట్టండి. వైఫై కెమెరా అయితే రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉండాలి, లేకపోతే కరెంటు పోగానే దానికి చూపు ఉండదు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మాత్రం అలాగే ఉంచొద్దు. అది తెలిసినవాడు మీ ఇంటిని ఎక్కడి నుంచైనా చూడగలడు. బిగించిన కుర్రాడు వెళ్లాక మీరే మార్చుకోండి. మా కుర్రాడైనా సరే, వాడికి చెప్పొద్దు.

ఆంధ్రప్రదేశ్ పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒక ఏర్పాటు ఉంది, తాళం వేసిన ఇళ్ల మీద నిఘా కోసం. ఊరెళ్లే ముందు చెబితే వాళ్లే ఇంట్లో కెమెరా పెడతారు. లోపల ఎవరైనా కదిలితే వాళ్లకు సంకేతం అందుతుంది. డబ్బు తీసుకోరు. వాళ్ల దగ్గర కెమెరా ఖాళీగా ఉండాలి కాబట్టి బస్సెక్కే రోజు కాకుండా ముందే మీ స్టేషన్‌లో అడగండి. నా బేరం పోతుంది, పోనీ. బంగారం మాత్రం బ్యాంకు లాకర్‌లో పెట్టే వెళ్లండి.

కొందరు కుర్రాళ్లు ఫోన్‌లో ‘పేమెంట్ సక్సెస్’ చూపించి వెళ్లిపోతున్నారు. డబ్బు రావడం లేదు. సౌండ్‌బాక్స్ తీసుకుంటే ఈ మోసం ఆగుతుందా?
— టిఫిన్ సెంటర్ యజమాని, ఆదోని

చాలావరకు ఆగుతుంది. ఎదుటివాడి ఫోన్ తెరను అసలు నమ్మొద్దు, అచ్చం అలాంటి తెర చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. సౌండ్‌బాక్స్‌కు సొంత సిమ్ ఉంటుంది, కట్టేవాడి ఫోన్‌తో దానికి సంబంధం లేదు. చెల్లింపు పూర్తయిందని కంపెనీ సర్వర్ నుంచి కబురు వస్తేనే అది పలుకుతుంది.

ఇబ్బంది అల్లా పొద్దుటి రద్దీలోనే. ఉగ్గాని బజ్జీ కోసం పదిమంది మీదపడి ఉన్నప్పుడు బాక్స్ ‘అరవై రూపాయలు’ అంటే ఆ అరవై ఎవరిదో తెలియదు. బిల్లు ఎంతో చెప్పి, బాక్స్ పలికాకే ప్లేటు చేతికివ్వండి. సిగ్నల్ అందక ఆలస్యమైతే ‘ఇంకా పలకలేదప్పా, రవ్వంత ఆగు’ అనడానికి మొహమాటం వద్దు. నిజంగా కట్టినవాడు ఆగుతాడు.

ఇంకో మోసం ఉంది. రాత్రిపూట మీ క్యూఆర్ మీద తన క్యూఆర్ స్టిక్కర్ అంటించి పోతాడు ఒకడు. మరుసటి రోజు గిరాకీ అంతా వాడి ఖాతాలోకి. జనం కడుతున్నా బాక్స్ పలకడం లేదంటే నెట్‌ను తిట్టుకునే ముందు స్టిక్కర్‌ను గోటితో గీకి చూడండి. పొద్దున షట్టర్ ఎత్తగానే మీ ఫోన్‌తోనే స్కాన్ చేసి ఎవరి పేరు వస్తుందో చూసుకోవడం ఇంకా మేలు.

‘పొరపాటున ఎక్కువ వేశాను, వెనక్కి పంపు’ అనేవాడికి మీ ఖాతా చూడకుండా పైసా పంపొద్దు. డబ్బు రావడానికి మీరు పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. మనుషుల మధ్య యూపీఐలో డబ్బు అడుగుతూ రిక్వెస్ట్ పంపే సదుపాయాన్ని, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మాటలతో మీ చేతనే పంపించుకునే దారి తెరిచే ఉంది.

వానలు పడితే మా చేలో వజ్రాలకు వెతుకుతాం. ఆన్‌లైన్‌లో డైమండ్ టెస్టర్ పెన్ను చూశాను. అది కొంటే వ్యాపారుల చేతిలో మోసపోకుండా ఉండొచ్చా?
— రైతు, తుగ్గలి మండలం

జొన్నగిరి, పెరవలి వైపు తొలకరి పడగానే జనం చేలల్లో వంగి నడవడం మనకు కొత్తేమీ కాదు. ఆ రోజుల్లోనే మా కొట్టుకు వచ్చి ఈ పెన్ను అడిగేవాళ్లూ ఎక్కువ.

అది ఎలా పని చేస్తుందో తెలిస్తే ఎంత నమ్మాలో మీకే అర్థమవుతుంది. పెన్ను మొన వేడెక్కుతుంది. దాన్ని రాయికి ఆనిస్తే, ఆ వేడిని రాయి ఎంత వేగంగా లాక్కుంటుందో చూసి కూస్తుంది. వజ్రం ఈ పనిలో రాగిని కూడా మించుతుంది. గాజు, పలుగురాయి చాలా వెనక. కాబట్టి ఆ రెండింటినీ చూసి వజ్రమని భ్రమపడకుండా పెన్ను కాపాడుతుంది. కానీ ఫ్యాక్టరీలో తయారయ్యే మోయిసనైట్ అనే రాయి కూడా వేడిని బాగానే లాగుతుంది, మామూలు పెన్ను దానికీ కూస్తుంది. ల్యాబ్‌లో పెంచిన వజ్రానికి ఎలాగూ కూస్తుంది, అదీ వజ్రమే కదా. ‘జొన్నగిరి చేలో దొరికింది’ అని బయటి ఊరివాడికి అంటగట్టేవాడికి ఈ పెన్నే పెద్ద సాక్షి. కొనేవాళ్లు కనీసం వేడితో పాటు విద్యుత్తునూ పరీక్షించే రకం వాడాలి.

మీరు అమ్మేవాళ్లు, మీ కష్టం వేరు. చేలో దొరికిన రాయి గరుకుగా, మట్టి పట్టి ఉంటుంది. మొన సరిగా ఆనకపోతే అసలు వజ్రానికీ పెన్ను పలకదు. అదీగాక వ్యాపారి తెచ్చేది తన పెన్ను. చాలా పెన్నులకు సున్నితత్వం తగ్గించే మీట ఉంటుంది, దాన్ని కాస్త తగ్గిస్తే చాలు. ‘చూడన్నా, పలకలేదు, ఇది పలుగురాయే, నీ కష్టం చూసి ఐదు వేలిస్తా’ అంటాడు. పలుగురాయికి ఐదు వేలు పెట్టేవాడు రాయలసీమలో ఎవడున్నాడో మీరే చెప్పండి.

నన్నడిగితే పెన్నుకు ముందు జేబులో పట్టే డిజిటల్ తూకం కొనండి, 0.01 గ్రాము వరకు చూపించేది. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాము. అంటే ఆ తూకం క్యారెట్‌లో ఇరవయ్యో వంతు తేడాను కూడా పట్టిస్తుంది. రాయిని ఇంట్లోనే కడిగి, ఆరబెట్టి, తూచి, బరువు రాసుకోండి. పక్కన పిల్లల స్కేలు పెట్టి అన్ని వైపులా ఫొటోలు తీయండి. ఆ తర్వాతే ఎవరికైనా చూపించండి. ‘లోపల లెన్స్ కింద చూసొస్తా’ అంటే మీరూ లోపలికి వెళ్లండి. వెనక్కి వచ్చింది మీ రాయేనా అని తేల్చేది ఆ బరువు, ఆ ఫొటోలే. ఒక్కడికే చూపించి బేరం ముగించొద్దు.

సుత్తితో కొట్టి మాత్రం చూడొద్దు, మీకు దండం పెడతా. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. సుత్తి దెబ్బకు మంచి వజ్రం కూడా చీలిపోతుంది. గాజు మీద గీసి చూడటమూ పరీక్ష కాదు, పలుగురాయి కూడా గాజును గీస్తుంది.

చెల్లెలి పెళ్లికి నగలు కొనాలి. బంగారం స్వచ్ఛత చూసే మెషిన్ ఇంటికి తెచ్చుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

బంగారు కొట్ల ఊళ్లో ఉండి నన్ను అడుగుతున్నారా తల్లీ! ఆ ఎక్స్‌రే మెషిన్ ఖరీదుకు ఇంకో నగ వస్తుంది, పైగా అది చదివేది పై పొరనే. హాల్‌మార్క్ వ్యవహారం చూసే కేంద్ర సంస్థ బీఐఎస్‌ది, బీఐఎస్ కేర్ యాప్ మీ ఫోన్‌లో వేసుకోండి, పది రెట్లు చూపించే చిన్న భూతద్దం ఒకటి పర్సులో పెట్టుకోండి. నగ మీద బీఐఎస్ గుర్తు, 22కే916 లాంటి స్వచ్ఛత ముద్ర, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి. హాల్‌మార్క్ నగలకు ఈ కోడ్ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. 2 గ్రాముల లోపు వాటికి మినహాయింపు. కోడ్‌ను యాప్‌లో కొడితే నగ రకం, స్వచ్ఛత, ముద్ర వేసిన కేంద్రం కనిపిస్తాయి. యాప్ ఉంగరం అంటూ మీ చేతిలో గాజు ఉంటే డబ్బు కట్టకుండా లేవండి. రాళ్ల బరువు బిల్లులో విడిగా రాయించుకోవడం మరవొద్దు.

మా అమ్మ వేలిముద్రతో ఆమె ఖాతాలోంచి ఎవరైనా డబ్బు తీయగలరా? ఆపడానికి ఏదైనా పరికరం ఉందా?
— ప్రైవేటు ఉద్యోగి, గుంతకల్లు

తీయగలరు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను కాపీ కొట్టి, రబ్బరు లాంటి పదార్థంతో నకిలీ వేలు తయారుచేసి, ఆధార్ ద్వారా డబ్బు తీసే ఏఈపీఎస్ మెషిన్ల మీద వాడిన ముఠాలు మన రాష్ట్రంలోనూ దొరికాయి. ఓటీపీ రాదు, పిన్ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు.

దీనికి కొనాల్సిందేమీ లేదు. ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది. వేస్తే వేలిముద్ర, కనుపాప, ముఖం ఏదీ ఆధార్‌తో పని చేయదు. చిక్కు ఎక్కడంటే, రేషన్ డిపో దగ్గరో, పింఛన్ ఇచ్చే రోజో అమ్మ వేలు పెట్టాలి, అప్పుడూ పని చేయదు. ముందు ఫోన్‌లో కాసేపు లాక్ తీయాలి. అమ్మ ఆధార్‌కు మీ ఫోన్ నంబరే ఉండి, మీరు పక్క ఊళ్లో ఉంటే పింఛన్ తెచ్చినవాళ్లు గడప ముందు నిలబడి మీకు ఫోన్ చేస్తారు. అంత ఓపిక ఉంటేనే లాక్ వేయండి. లేకపోతే ఆమె ఖాతాకు ఏఈపీఎస్ విత్‌డ్రాయల్ ఆపమని బ్యాంకులో రాసివ్వండి, ఎస్సెమ్మెస్ అలర్ట్ మీ ఫోన్‌కు పెట్టించుకోండి. ఆధార్ సందేహాలకు 1947.

రాత్రి డ్యూటీ అయ్యాక స్కూటీ మీద ఒక్కదాన్నే వెళ్తాను. పెప్పర్ స్ప్రే మంచిదా, షాక్ కొట్టే టార్చా?
— స్టాఫ్ నర్సు, కడప

షాక్ టార్చ్ వద్దమ్మా. వాడికి తగిలించాలంటే వాడు మీ మీదికి రావాలి, వచ్చినవాడు ముందు దాన్నే లాక్కుంటాడు. స్ప్రే నయం, అయితే హ్యాండ్‌బ్యాగ్ అడుగున టిఫిన్ డబ్బా కింద ఉంటే లాభం లేదు. కోటు జేబులో, వేలికి అందేలా పెట్టుకోండి. ఆరుబయట ఒకసారి కొట్టి చూసుకోండి, ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. ఎదురుగాలిలో కొడితే మీ కళ్లలోనే పడుతుంది. డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ చూడండి. పిన్ను లాగితే గట్టిగా కూసే కీచైన్ అలారం ఇంకా తేలిక, ఇళ్ల మధ్య దారికి అది బాగా పని చేస్తుంది.

ఫోన్‌లో మహిళల భద్రతకు ఉన్న శక్తి యాప్ వేసుకోండి, 2025 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం తెచ్చింది. రిజిస్ట్రేషన్ ఈ రోజే పూర్తి చేయండి, ఆపద వచ్చినప్పుడు ఓటీపీ కోసం ఎదురుచూడలేరు. యాప్ తెరవలేకపోతే అత్యవసర నంబరు 112.

కార్డు వివరాలు గాలిలోంచి దొంగిలిస్తారట, కార్డు సంకేతాన్ని అడ్డుకునే ఆర్‌ఎఫ్‌ఐడీ పర్సు కొనాలా?
— డిగ్రీ విద్యార్థి, అనంతపురం

వద్దు. ట్యాప్ కార్డు పని చేసేది నాలుగు సెంటీమీటర్ల లోపే. మరీ టెన్షన్‌గా ఉంటే బ్యాంకు యాప్‌లో కాంటాక్ట్‌లెస్ ఆఫ్ చేసేయండి, ఆ డబ్బుతో స్నేహితులతో కలిసి సినిమాకు పోండి.

మా నాన్నను ‘సీబీఐ’ పేరుతో వీడియో కాల్‌లో గంటలకొద్దీ కూర్చోబెట్టారు. మేము చూసి కట్ చేశాం. ఇలాంటి కాల్స్ ఆపే పరికరం ఉందా?
— గ్రానైట్ వ్యాపారి, తాడిపత్రి

పూర్తిగా ఆపేది లేదు. వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే ఆప్షన్ ఉంది, నాన్న ఫోన్‌లో అది ఆన్ చేయండి. ఇలా వీడియో కాల్‌లో కూర్చోబెట్టి ‘డిజిటల్ అరెస్ట్’ అంటారు, అది మన చట్టంలోనే లేదు. ఆ మాట ఆయనకు కోప్పడకుండా చెప్పండి. కోప్పడితే మళ్లీ కాల్ వచ్చినప్పుడు మీ దగ్గర దాస్తారు. వచ్చిన నంబరును కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని చక్షు విభాగంలో ఫిర్యాదు చేయొచ్చు. చలానా అనో, పీఎం కిసాన్ అనో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ దించే ఫైలు) ఏదీ ఆ ఫోన్‌లో తెరవకుండా చూడండి.

ఒకవేళ డబ్బు పోతే స్టేషన్‌కు బయల్దేరే లోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. దొంగ సొమ్ము ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి నిమిషాల్లో మారుతుంది, మధ్యలో ఎక్కడో ఒక దగ్గర నిలిపేయాలంటే మీ కాల్ ముందు వెళ్లాలి. లైన్ దొరక్కపోతే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాయండి, బ్యాంకుకూ అదే రోజు చెప్పండి. ఖాతా నంబరు, ట్రాన్సాక్షన్ నంబరు, పోయిన మొత్తం, సమయం అడుగుతారు. డబ్బు పోయినట్టు వచ్చిన ఎస్సెమ్మెస్ డిలీట్ చేయకుండా ఉంచండి.