బొగ్గు మన దగ్గర, కొలువులు సింగపూర్‌లోనా?

ప్రశ్న: మా బాబు వరంగల్‌లో బీటెక్ మెకానికల్ చివరి ఏడాది. ఆయిల్, గ్యాస్ అంటూ సింగపూర్, దుబాయ్ పోతానంటున్నాడు. ఇన్ని గనులు, ఇంత పెద్ద కరెంటు ప్లాంటు ఇక్కడే ఉండగా అంత దూరం ఎందుకు?
– ఒక తండ్రి, గోదావరిఖని

జవాబు: తవ్వే చోట, తోడే చోట దొరికేది ఎక్కువగా నడిపే పని, మరమ్మతు పని. డిజైన్, కొనుగోళ్లు, వ్యాపారం, బీమా మాత్రం రేవు, విమానాశ్రయం, బ్యాంకులు ఉన్న నగరాలకు చేరతాయి. సింగపూర్‌లో చుక్క చమురు పుట్టదు. అయినా జురాంగ్ దీవిలో రిఫైనరీలున్నాయి, చుట్టుపక్కల దేశాల బావులకు పరికరాలు, నిపుణులు అక్కడి నుంచి వెళ్తారు. బావులున్న ఊరికి మార్కెట్ దొరుకుతుంది గానీ, పెద్ద జీతాల పని దానంతట అది రాదు. మన రామగుండమే చూడండి: 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ స్టేషన్‌కు బొగ్గు సింగరేణిది, ఎన్టీపీసీ ఇంజినీరింగ్ కార్యాలయం నోయిడాలో. పక్కనున్న యూరియా ఫ్యాక్టరీకి గ్యాస్ కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి పైపులైన్‌లో వస్తుంది.

అందుకే దేశం తర్వాత, ముందు పని తేల్చుకోమనండి.

మెకానికల్ వాళ్లకు అందుబాటులో ఉన్నది పైపింగ్ డిజైన్. హైదరాబాద్, ముంబయి, చెన్నై ఇంజినీరింగ్ ఆఫీసుల్లో మొదలుపెట్టి బయటికి పోవచ్చు. పైపుల మీద ఒత్తిడి లెక్కగట్టే సీజర్ టూ సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకెళ్తే ఇంటర్వ్యూలో తేలిపోతారు. వేడికి పైపు ఎటు సాగుతుంది, సపోర్టు ఎక్కడ పెట్టాలి, పంపు నాజిల్ (పైపు బిగించే మూతి) మీద బరువు ఎందుకు పడకూడదు అని అడుగుతారు. ప్లాంటు పైపుల డిజైన్ నియమాలుండే ఏఎస్ఎంఈ బి31.3 కోడ్ చదివి, ఒక్క లైనైనా చేత్తో లెక్క కట్టాలి. చమురు, గ్యాస్ కొని అమ్మే ట్రేడింగ్‌కు ఫైనాన్స్ చదువు కావాలి, ఇప్పుడు వదిలేయండి.

ప్రభుత్వ సంస్థలైతే గేట్ పరీక్ష. ఫిబ్రవరిలో జరుగుతుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఏ సంస్థ గేట్ తీసుకుంటుందో ఏటా నోటిఫికేషన్‌లోనే చూడాలి.

గల్ఫ్ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. అక్కడి కంపెనీలు ఫ్రెషర్లను అరుదుగా పిలుస్తాయి. షట్‌డౌన్ పనుల్లో, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతుల్లో, రెండు మూడేళ్ల అనుభవం అడుగుతాయి. విజిట్ వీసా మీద పోయి ఉద్యోగం వెతుక్కోమనే ఏజెంటును నమ్మకండి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడండి. చట్టం ప్రకారం సర్వీసు చార్జి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించకూడదు. బోసియెట్ అనే భద్రతా శిక్షణ సముద్రం మీది ప్లాట్‌ఫారాలకే, సర్టిఫికెట్ నాలుగేళ్లే. కొలువు ఖాయం కాకముందే చేయిస్తే డబ్బు దండగ.

ఈలోగా కాలేజీ లేఖతో దగ్గర్లోని ప్లాంటులో ట్రైనింగ్‌కు పెట్టించండి. ఓవర్‌హాలింగ్ జరిగే రోజులైతే టర్బైన్ విప్పి ఉంటుంది, లోపల చూడొచ్చు.