పాదం సంగతి తర్వాత, ముందు అడుగులు లెక్కపెట్టు

చి. కిరణ్‌కు,
పెదనాన్న ఆశీస్సులు.

పరుగులో కాసేపయ్యాక మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తోందని, జిమ్‌లో ఎవరో మడమ మీద దిగకుండా పాదం ముందు భాగం మీద దిగమన్నారని మీ నాన్న చెప్పాడు. ఇప్పుడప్పుడే ఆ పని చేయకు.

పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ నేల మనల్ని ఒంటి బరువుకు రెండు, మూడు రెట్ల బలంతో ఎదురు తంతుంది. పాదం ఎలా వేసినా ఆ భారం మాయమైపోదు, చోటు మారుతుంది. మడమతో దిగితే మోకాలు ఎక్కువ మోస్తుంది. పాదం ముందు భాగంతో దిగితే పిక్కా, మడమ వెనకుండే అకిలిస్ టెండాన్ మోస్తాయి. హాంకాంగ్‌లో కొత్త రన్నర్లకు ట్రెడ్‌మిల్ మీద మెత్తగా దిగడం నేర్పి ఏడాదిపాటు గమనించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. నేర్చుకోని వాళ్లతో పోలిస్తే వాళ్లకు గాయాల ముప్పు 62 శాతం తక్కువ. నిజంగా పెద్ద తేడానే. కానీ పిక్క, అకిలిస్ బాధలు మాత్రం వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. ఈ రెండో ముక్క జిమ్‌లో ఎవరూ చెప్పరు.

నీ మోకాలికి ఇంతకంటే తేలికైన దారి ఉంది. మామూలు వేగంతో పరిగెడుతూ అర నిమిషంలో కుడికాలు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించు. నిమిషానికి 160 వచ్చిందనుకో, 168 చెయ్యి. వేగం పెంచకూడదు సుమా! అప్పుడు అంగ దానంతటదే చిన్నదై, పాదం ఒంటికి మరీ ముందు కాకుండా దగ్గరగా పడుతుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ (ఒకే లయలో టిక్ టిక్‌మనే యాప్) పెట్టుకుని మొదట్లో మధ్యమధ్య కొన్ని నిమిషాలే చెయ్యి. అందరూ జపించే నిమిషానికి 180 అడుగుల అంకె కోసం టెన్షన్ పడకు. జాక్ డేనియల్స్ అనే కోచ్ 1984 ఒలింపిక్స్‌లో మేటి రన్నర్ల అడుగులు లెక్కపెట్టినప్పటి నుంచి ప్రచారంలోకి వచ్చిన అంకె అది. వాళ్ల రేసు వేగం వేరు, నీ పొద్దుటి పరుగు వేరు.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ అంటున్నావు కాబట్టి ఇంకో మాట. అక్కడ ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు ఆయాసమే తప్ప మోకాలికి పెద్ద ఇబ్బంది లేదు. దిగేటప్పుడే జాగ్రత్త. పల్లంలో జనం అంగలు సాచేస్తారు, ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టు పడుతుంది. అక్కడ ఇంకా పొట్టి అడుగులు వెయ్యి.

షూస్ సౌకర్యంగా ఉంటే మార్చకు. అడుగు మార్చుకునే వారాల్లో కిలోమీటర్లు పెంచకు. ఎముక మీద వేలు పెట్టి చూపించేంత ఒక్కచోటే నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా పరుగు ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించు. అలాంటి నొప్పి ఎముకలో సన్నటి చీలిక వల్ల కావచ్చు, అడుగులు మార్చుకుంటే తగ్గేది కాదు.

ఆదివారం ఎవరిచేతనైనా వెనక నుంచి వీడియో తీయించి పంపు. నడుము నుంచి మడమల దాకా కనిపించాలి. ఒంటికాలి మీద దిగినప్పుడు తుంటి ఓ పక్కకి జారుతోందా, మోకాలు లోపలికి వంగుతోందా చూస్తాను. అలా ఉంటే తుంటి కండరాలకు ఏ వ్యాయామాలు చేయాలో ఫోన్‌లో చెబుతా.

మీ పెదనాన్న