ఇంటి పక్క చెట్టు: ఏది కొట్టాలి, ఏది ఉంచాలి?

ప్రశ్న: విశాఖపట్నంలో మా ఇంటి ప్రహరీ లోపల ఇరవై ఏళ్ల వయసున్న తురాయి చెట్టు ఉంది. మొదలు అడుగున్నర లావు ఉంటుంది. నిరుడు వీధి కాలువ కోసం తవ్వినప్పుడు, మొదలుకు మూడడుగుల దూరంలో వీధివైపు వేళ్లన్నీ తెగిపోయాయి. మొన్నటి వానల తరువాత చెట్టు ఇంటివైపు కొద్దిగా ఒరిగినట్టు అనిపిస్తోంది. ఆకులు పచ్చగానే ఉన్నాయి, ఈ వేసవిలో పూత కూడా బాగా వచ్చింది. అయినా భయపడాలా?

జవాబు: పూత చూసి ధైర్యపడవద్దు. ఆకులకు నీరు అందించేవి సన్నని పిల్లవేళ్లు. చెట్టును నిలబెట్టేవి మొదలు చుట్టూ అల్లుకున్న లావుపాటి వేళ్లు. లావు వేళ్లు సగం తెగినా మిగిలిన పిల్లవేళ్లతో చెట్టు కొన్నేళ్లపాటు నిండుగా చిగురిస్తూనే ఉంటుంది, ఒక గాలివానలో మాత్రం వేళ్లతో సహా లేచిపోతుంది. మొదలు ఎంత లావు ఉంటే దానికి మూడింతల దూరం లోపల, అంటే మీ చెట్టు విషయంలో నాలుగున్నర అడుగుల లోపల, వేళ్లు తెగితే చెట్టు నిలకడ దెబ్బతిన్నట్టే లెక్క. మీకు తెగింది మూడడుగుల దగ్గర. పైగా చెట్టు ఇంటివైపు ఒరిగింది కాబట్టి దాన్ని వెనక్కి పట్టి ఉంచాల్సినవి వీధివైపు వేళ్లే, తెగినవీ అవే.

ఒరుగుడు పాతదా కొత్తదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. చిన్నప్పటి నుంచి వెలుతురు కోసం వంగి పెరిగిన చెట్టు మాను కింద వంగి, పైకి వెళ్లేకొద్దీ మళ్లీ నిటారుగా లేస్తుంది. అలాంటిది దశాబ్దాలు నిలుస్తుంది. మాను తిన్నగా ఉండి మొత్తంగా ఒక పక్కకు వాలితే అది కొత్త ఒరుగుడు. అప్పుడు ఒరిగిన దిక్కుకు ఎదురు దిక్కున నేలను పరిశీలించండి. మట్టి ఉబ్బి ఉన్నా, మొదలు చుట్టూ విల్లులాగా పగులు కనిపించినా, గాలి వీచినప్పుడు ఆ పగులు నోరు తెరిచి మూసుకుంటున్నా ఇక ఆలోచించడానికి ఏమీ మిగలదు. అంత స్పష్టంగా లేకపోతే తాపీమేస్త్రీలు వాడే తూకం గుండును మానుపై ఆరడుగుల ఎత్తున ఒక గుర్తు నుంచి వేలాడదీసి, గుండు మొన నేలను తాకే చోట ఒక మేకు కొట్టి, తేదీ రాసి పెట్టుకోండి. ప్రతి పెద్ద వాన తరువాత అదే గుర్తు నుంచి మళ్లీ కొలవండి. గుండు మేకు నుంచి వేలెడంత జరిగినా అది చిన్న విషయం కాదు.

తురాయి కలప మెత్తన, వేళ్లు లోతుకు దిగకుండా పైపైనే పరుచుకుంటాయి, కొమ్మలు పెళుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మీ నగరం దగ్గరే తీరం దాటినప్పుడు కూలిన చెట్ల మధ్య నుంచి వీధులు నడవడానికి ఎన్ని రోజులు పట్టిందో మీకు నేను చెప్పనక్కరలేదు. మీరు రాసిన వివరాలన్నీ నిజమైతే ఈ చెట్టును అక్టోబరు, నవంబరు తుపానుల కంటే ముందే తీయించడమే నా సలహా. అంతవరకు చెట్టు ఒరిగిన వైపు గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి, వాహనాలను దాని కింద పెట్టకండి. ఇనుప తీగతో ప్రహరీకి కట్టి నిలబెడదామని ఎవరైనా అంటే వినవద్దు; చెట్టు పడితే ప్రహరీని కూడా తీసుకుని పడుతుంది.

సొంత పెరటి చెట్టే అయినా కొట్టే ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది కనుక అటవీ శాఖ కార్యాలయంలో మీ చెట్టు జాతి చెప్పి అడగండి. తెగిన వేళ్లు, నేల పగులు, గుండు గుర్తు అన్నీ తేదీలతో ఫొటోలు తీసి దరఖాస్తుకు జతచేస్తే పరిశీలనకు వచ్చిన అధికారికి పని తేలికవుతుంది.

ప్రశ్న: హనుమకొండలో మా వాకిట్లోని వేపచెట్టు చివర్ల నుంచి మాడిపోతోంది. చెదలు కూడా పట్టాయి. చచ్చిపోయిన చెట్టు ఇంటి మీద పడుతుందని, వెంటనే కొట్టించమని ఇరుగుపొరుగు ఒత్తిడి చేస్తున్నారు.

జవాబు: తొందరపడి కొట్టించకండి. కొన్నేళ్లుగా తెలంగాణలో వేపచెట్లను పట్టి పీడిస్తున్న ఎండు తెగులు ఇది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం కొమ్మల చివర్లను ఎండబెడుతుంది. వానాకాలంలో మొదలై చలికాలం నాటికి చెట్టంతా కాలినట్టు కనిపిస్తుంది, వేసవిలో చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి. చూడటానికి భయంకరంగా ఉన్నా ఈ తెగులు వల్ల మాను బలం తగ్గదు. గోటితోగానీ చాకు మొనతోగానీ కొమ్మ బెరడును కాస్త గీరి చూడండి: కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది, గోధుమరంగులో పొడిగా ఉంటే అంతవరకు కోసెయ్యాలి. పూర్తిగా ఎండిన పెద్ద కొమ్మ కప్పు మీదికి ఉంటే దాన్ని మాత్రం వాయిదా వేయవద్దు, వేప కొమ్మ చాలా బరువు.

చెదల విషయానికొస్తే, బెరడు మీది మట్టి పూతను చూసి మాను గుల్ల అయిందనుకోకూడదు, ఎక్కువ సందర్భాల్లో అవి చచ్చిన బెరడునే తింటాయి. మట్టి గీకేసి, మొదలు చుట్టూ అక్కడక్కడ ఇనుప చువ్వతో గట్టిగా పొడిచి చూడండి, చెక్క సుత్తితో తట్టి వినండి. చువ్వ సులువుగా దిగిపోయినా, డప్పు మీద కొట్టినట్టు డొల్ల చప్పుడు వచ్చినా, మొదట్లో గట్టి పుట్టగొడుగులు అరల్లాగా పొడుచుకొచ్చినా లోపల కుళ్లు ఉన్నట్టు. అప్పుడు కూడా తొర్ర ఉన్న ప్రతి చెట్టూ పడుతుందని కాదు. మాను వ్యాసార్ధంలో సుమారు మూడోవంతు మందాన చుట్టూ గట్టి చేవ మిగిలి ఉంటే చెట్టు నిలుస్తుందని వృక్ష నిపుణులు లెక్క వేస్తారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కథ మీకు తెలిసిందే: 2017లో చెదలు తిన్న కొమ్మ విరిగిపడితే సందర్శకులను ఆపి, ఆ మరుసటి ఏడాది సెలైన్ సీసాలతో చెదల మందు ఎక్కించి, కొమ్మలకు ఆసరాలు కట్టి బతికించారు. మీ వేపకు అంత వైద్యం అక్కరలేదు.

ఒక హెచ్చరిక: కొమ్మలు కోయడానికి వచ్చినవాళ్లు చెట్టు తల మొత్తం నరికి మోడు చేసి పోతుంటారు. అలా నరికిన చోట గుత్తులుగా వచ్చే కొత్త రెమ్మలు పై పొరకు మాత్రమే అంటుకుని ఉంటాయి. అవి లావెక్కాక కప్పు మీదికి విరిగిపడేవి అవే.

ప్రశ్న: అమలాపురం దగ్గర మా పెరట్లో ముప్ఫై ఏళ్ల కొబ్బరిచెట్టు మొదట్లో ఎర్రటి బంక కారుతోంది. మట్టలు పసుపెక్కి వేలాడుతున్నాయి. ఇంటికీ, సర్వీసు వైరుకీ మధ్యలో ఉంది. దింపు కార్మికుణ్ని ఎక్కించి కొట్టించవచ్చా?

జవాబు: మీరు చెప్పేది గానోడెర్మా తెగులు లక్షణం. కింది వేళ్లు కుళ్లాక బంక మొదటి నుంచి పైకి పాకుతుంది. ఈ దశలో చెట్టు కోలుకోదు కనుక తీసేయాలన్న మీ నిర్ణయం సరైనదే, ఎక్కించాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. వేళ్లు కుళ్లిన చెట్టుపై మనిషి బరువు ఒక ఎత్తు, తల తెగి పడిన క్షణంలో మాను వెనక్కి కొట్టే ఊపు మరో ఎత్తు. మనిషి నిలబడేందుకు బుట్ట ఉన్న క్రేను లేదా లిఫ్టు తెప్పించండి, దింపు కార్మికుడు ఆ బుట్టలో నుంచి పని చేయాలి.

రంపం ముట్టుకునే ముందు కరెంటు సంగతి. ఫ్యూజు తీసేశామని సరిపెట్టుకోవద్దు, స్తంభం నుంచి ఇంటికి వచ్చే వైరులో కరెంటు ఉంటుంది. పైన ప్లాస్టిక్ తొడుగు ఉందన్న ధీమా కూడా వద్దు, ఎండకు మగ్గిన తొడుగు ఎక్కడో ఒకచోట చిట్లే ఉంటుంది. పచ్చి మట్ట, తడిసిన మోకు రెండూ కరెంటును మోస్తాయి. 1912కు ఫోన్ చేసిగానీ మీ సెక్షన్ ఆఫీసులో చెప్పిగానీ లైన్‌మ్యాన్‌ను రప్పించండి. ఆయన లైన్ క్లియర్ (ఆ లైనులో సరఫరా ఆపి పని చేసేందుకు అనుమతి) తీసుకుని, సరఫరా ఆగిందని తన నోటితో చెప్పి, పని ముగిసేదాకా అక్కడే ఉండాలి. చుట్టుపక్కల ఇళ్లలో జనరేటరు నడుస్తుంటే ఆ విషయం ఆయనకు ముందే చెప్పండి, తప్పుగా కలిపిన జనరేటరు కరెంటు ఆపిన లైనులోకి వెనక్కి రాగలదు.

ఇల్లు దగ్గరుంటే చెట్టును నిలువునా కూల్చే ప్రసక్తే లేదు, పై నుంచి ముక్కలుగా దింపాలి. మొదట గెలలు, తరువాత మట్టలు, ఆపై మొవ్వు, చివరికి మాను. మీటరు పొడవున్న పచ్చి ముక్కే యాభై కిలోలకు పైగా తూగుతుంది కాబట్టి ప్రతి ముక్కకూ మోకు కట్టి, క్రేను కొక్కేనికి తగిలించాకే కోయాలి. కింద తాడు పట్టేవాళ్లు ముక్క పడే చోటికి దూరంగా నిలబడాలి, పిల్లలను ఆ పూటకు వేరే ఇంటికి పంపండి. గాలి లేని ఉదయం వేళ మంచిది. వాన తెరిపిచ్చిన వెంటనే మొదలుపెట్టవద్దు.

మొద్దును, వేళ్లను తవ్వి తీసి కాల్చేయండి. వదిలేస్తే తెగులు మట్టిలో పక్క చెట్లకు పాకుతుంది. మిగిలిన చెట్లకు ఏటా ఒక్కోదానికి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులును అణిచే మేలు శిలీంధ్రం) కలిపి వేయండి.

ప్రశ్న: గుంటూరులో పక్కింటివారి ఎండిపోయిన చెట్టు మా మేడ వైపు వాలి ఉంది. ఎన్నిసార్లు చెప్పినా వారు పట్టించుకోవడం లేదు. మేమే కొట్టించవచ్చా?

జవాబు: వారి స్థలంలోకి వెళ్లి కొట్టించే హక్కు మీకు లేదు. మీ హద్దు దాటి వచ్చిన కొమ్మలను మీ స్థలంలో నిలబడి హద్దు వరకు తీయించుకోవచ్చు, ముందుగా రాతపూర్వకంగా తెలియజేస్తే తగవు రాదు. మాను సంగతికి వేరే దారి ఉంది. పడిపోయి మనుషులకు హాని చేసే స్థితిలో ఉన్న చెట్టును తీయమని లేదా ఆసరా పెట్టమని యజమానిని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షన్‌గా ఉన్న ఈ నిబంధన 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్ అయింది. మీ డివిజన్‌లో ఆ మేజిస్ట్రేటు అధికారం ఉన్న ఆర్డీవో గారికి అర్జీ పెట్టండి. వాలును చూపే ఫొటోలు, చెట్టుకూ మీ గోడకూ ఉన్న దూరం, పొరుగువారికి మీరు పంపిన రిజిస్టర్డ్ లేఖ నకలు, దాని రసీదు అందులో జతచేయండి. పొరుగువారికి అభ్యంతరం ఉంటే హాజరై చెప్పుకునే అవకాశం ఆ ఉత్తర్వులోనే ఇస్తారు. ఈలోగా మేడ మీద ఆ వైపున ఉన్న నీళ్ల ట్యాంకును మరో మూలకు మార్పించుకోండి.